కొత్త దుకాణానికి పేరు చూసుకునేవారికి ట్రేడ్ మార్కుల ‘పబ్లిక్ సెర్చ్’ ఎంతవరకు ఉపయోగం?

విశాఖపట్నంలో చిన్న వ్యాపారం మొదలుపెట్టేవారు పేరు కోసం ముందుగా ఇంట్లో పెద్దవాళ్లను, ఆ తరువాత సంఖ్యాశాస్త్రం చెప్పేవారిని, చివరగా బోర్డు రాసేవారిని సంప్రదించడం మామూలు. వీరెవరి దగ్గరకూ వెళ్లకముందే చూడవలసింది ఒకటి ఉంది. అది కేంద్ర ప్రభుత్వ ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ తన వెబ్‌సైటులో ఉచితంగా అందుబాటులో ఉంచిన ‘పబ్లిక్ సెర్చ్’. దేశం మొత్తంమీద ఏ పేరును ఏ సరుకు కోసం ఎవరు నమోదు చేసుకున్నారో, ఎవరు దరఖాస్తు పెట్టుకుని ఎదురుచూస్తున్నారో అందులో తెలుస్తుంది. మా చిన్నాన్నగారి అమ్మాయి ఎం.వి.పి. కాలనీలో పచ్చళ్లు, పిండివంటలు, కాఫీ పొడి అమ్మే దుకాణం తెరవాలనుకుని, పేరు విషయంలో సాయం చేయమని అడిగినప్పుడు ఈ సేవను నింపాదిగా వాడి చూశాను. ప్రతి చిన్న వ్యాపారీ దీన్ని వాడి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం. అయితే ఇది ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో తెలుసుకుని వాడాలి.

పేజీలో పదాన్ని బట్టి, ఉచ్చారణను బట్టి, బొమ్మకు కేటాయించిన సంకేత సంఖ్యను బట్టి వెతికే మూడు దారులు ఉంటాయి. పదాన్ని బట్టి వెతికేటప్పుడు ఆ అక్షరాలతో మొదలయ్యే పేర్లనూ, ఆ అక్షరాలు మధ్యలో ఎక్కడున్నా వచ్చే పేర్లనూ, అచ్చంగా అదే పేరునూ విడివిడిగా అడగవచ్చు. పేరుతో పాటు తరగతి సంఖ్య కూడా ఇవ్వాలి. చాలామంది తడబడేది ఇక్కడే. చట్టం సరుకులను 34 తరగతులుగా, సేవలను 11 తరగతులుగా, మొత్తం 45గా విభజించింది. మన లెక్కలో దుకాణం ఒక్కటే, గల్లాపెట్టె ఒక్కటే. ఆ లెక్కలో మాత్రం ఆవకాయ, మాగాయ, నెయ్యి 29వ తరగతికి చెందుతాయి. జంతికలు, అరిసెలు, బెల్లం, కాఫీ పొడి 30వ తరగతిలోకి వస్తాయి. అదే గదిలో నాలుగు బల్లలు వేసి వేడి కాఫీ ఇస్తే అది 43వ తరగతి సేవ అవుతుంది. ఇతరులు తయారుచేసిన సరుకు తెచ్చి అమ్మే దుకాణపు పని 35వ తరగతి కిందికి వెళుతుంది. కాబట్టి కాఫీ పొడికి ఖాళీగా కనిపించిన పేరు పచ్చళ్ల దగ్గర మరొకరి సొత్తు కావచ్చు. ఒక్కొక్క తరగతినీ మార్చి మళ్లీ మళ్లీ వెతకవలసి రావడం విసుగు పుట్టించే మాట నిజమే కానీ, ఆ ఓపిక లేకుండా ఈ సేవ వల్ల ఫలితం సగమే.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఉచ్చారణను బట్టి వెతికే దారి. తెలుగు పేరునైనా ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి వెతకడమే ఇక్కడ ఆచరణలో కుదిరే పద్ధతి. ‘సింహాద్రి’ అన్న ఒక్క పేరునే ఒకరు ‘ఎం’తో, మరొకరు ‘ఎన్’తో, ఇంకొకరు ‘డి’ పక్కన ‘హెచ్’ చేర్చి రాస్తారు. సంఖ్య కలిసిరావాలని ‘ఎ’ను రెండుసార్లు వేసేవారూ ఉన్నారు. అలా అక్షరం పెంచితే పేరు కొత్తదైపోయిందని మన ఊళ్లో గట్టి నమ్మకం ఉంది. సంఖ్యాశాస్త్రం మీద ఎవరి విశ్వాసం వారిది, దాన్ని నేను కాదనను. కానీ చట్టం చూసేది స్పెల్లింగును మాత్రమే కాదు, చెవికి ఎలా వినబడుతుందో కూడా చూస్తుంది. ‘అమృతధార’ అనే మందు పేరుకు ‘లక్ష్మణధార’ అన్న పేరు మోసపుచ్చేంత దగ్గరగా ఉందని సుప్రీంకోర్టు 1962లోనే తేల్చింది. పేరును అరకొరగా గుర్తుపెట్టుకుని వచ్చే మామూలు కొనుగోలుదారును దృష్టిలో పెట్టుకుని పోలిక చూడాలన్నది ఆ తీర్పులోని ఆలోచన. పూర్ణా మార్కెట్‌లో పచ్చడి కొనడానికి వచ్చేవారు కూడా ‘ఆ సింహాద్రి వాళ్లది ఇవ్వండి’ అనే అడుగుతారు తప్ప అందులో ఎన్ని ‘ఎ’లు ఉన్నాయో చెప్పరు. అందువల్ల అనుకున్న పేరును మనసుకు తోచిన స్పెల్లింగులన్నిటితోనూ, దాని మధ్యభాగం ఒక్కదానితోనూ వెతికి చూడమని నా సలహా.

జాబితా వచ్చాక దాన్ని చదవడం మరొక పని. ఒక పేరు మీద నొక్కితే యజమాని ఎవరు, దరఖాస్తు ఏ రోజు పెట్టారు, ఏయే సరుకులకు అడిగారు, ఎప్పటినుంచి వాడుతున్నామని చెప్పారు అనే వివరాలు వస్తాయి. ‘అబ్జెక్టెడ్’ అని కనిపించిన పేరు చచ్చిపోయిన పేరు కాదు. పరీక్షకుడు అభ్యంతరం చెప్పాడు, జవాబు ఇచ్చుకుంటే ముందుకు సాగవచ్చు అని దాని భావం. ‘అపోజ్డ్’ అంటే బయటివారు ఎవరో అడ్డుచెప్పారని. ‘అబాండన్డ్’ అంటే దరఖాస్తు వదిలేసినట్టుగా లెక్క. అలాంటి పేరునైనా అసలు యజమాని ఇంకా అంగడిలో వాడుతూనే ఉండవచ్చు కనుక ఖాళీ అనుకుని తొందరపడరాదు.

ఈ సేవకున్న అసలు పరిమితి కూడా అదే. నమోదుకు దరఖాస్తే పెట్టని పాత దుకాణాలు ఇందులో కనిపించవు. కురుపాం మార్కెట్‌లోనో డాబా గార్డెన్స్‌లోనో రెండు తరాలుగా ఒకే పేరుతో నడుస్తున్న దుకాణం ఏ కాగితమూ లేకుండానే ఉండవచ్చు. అలాగని ఆ పేరు మీద వారికి హక్కు లేదనుకుంటే పొరపాటు. 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టంలోని 34వ సెక్షన్ ముందునుంచి వాడుతున్నవారిని కాపాడుతుంది. నమోదు లేకపోయినా, తమ సరుకుగా భ్రమింపజేసి అమ్ముతున్నారని దావా వేసే హక్కు కూడా వారికి ఉంటుంది. కాబట్టి కంప్యూటరు ముందు నుంచి లేచి జగదాంబ కూడలి, గాజువాక, మధురవాడ బోర్డులను కళ్లారా చూడాలి, ఫోనులో మ్యాప్ తెరిచి ఆ పేరుతో వెతకాలి, సరుకు వేసే టోకు వ్యాపారులను అడగాలి.

ఖాళీగా ఉన్న పేరు దక్కుతుందా లేదా అన్నది కూడా ఈ పేజీ చెప్పదు. మా చెల్లెలి మొదటి ఎంపిక ‘ఉత్తరాంధ్ర రుచులు’. వినడానికి హాయిగా ఉంది, సరుకు ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. సరుకు రకాన్ని, నాణ్యతను, అది పుట్టిన చోటును మాత్రమే చెప్పే మాటలను ఒక్కరి సొంతం చేయడానికి 9వ సెక్షన్ సాధారణంగా అంగీకరించదు. కాఫీ పొడికి ‘అరకు’ కలుపుదామా అని కూడా అనుకున్నాం. అరకు వేలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కనుక ఆ పేరు అక్కడి రైతులందరి ఉమ్మడి ఆస్తి, ఒక దుకాణం తన గుర్తుగా చేసుకోదగినది కాదు. ఇక దేవుడి పేర్లు. ఇష్టదైవం పేరు పెట్టుకోవడం మన ఆనవాయితీ, అందులో తప్పు లేదు. అయితే అగరువత్తులకు ‘రామాయణ్’ అన్న పేరు మీద ఒక్కరే హక్కు కోరడం కుదరదని సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పిన సంగతి గుర్తుంచుకోవాలి. భక్తితో పెట్టుకున్న పేరునే పక్కవీధిలో మరొకరు పెట్టుకుంటే ఆపడం కష్టం.

ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెట్టేవారు కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ దగ్గర పేరు విడిగా ఖాయం చేసుకోవాలి. ఆ అనుమతి వచ్చినంత మాత్రాన ట్రేడ్ మార్కు హక్కు వచ్చినట్టు కాదు. మన రాష్ట్ర దుకాణాల నిబంధనల ప్రకారం బోర్డు మీద తెలుగు పైన, ఇతర భాషలు కింద ఉండాలి కనుక, తెలుగు అక్షరాల్లో నిండుగా, తప్పు చదవడానికి వీలు లేకుండా ఉండే పేరే మేలు.

డబ్బు తీసుకుని పేర్ల జాబితా ఇచ్చే సలహాదారులు నగరంలో ఉన్నారు. జాబితాతో పాటు ఏ తరగతుల్లో, ఏ స్పెల్లింగులతో వెతికారో కాగితం మీద చూపించమని అడగండి. చూపించలేనివారికి రుసుము చెల్లించవద్దు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టవచ్చు కాబట్టి, మన రాష్ట్రం చెన్నై కార్యాలయం పరిధిలో ఉన్నా అక్కడికి ప్రయాణం చేయనక్కరలేదు. 2017 నాటి నిబంధనల ప్రకారం వ్యక్తులకు, చిన్న సంస్థలకు తరగతికి రూ. 4,500 రుసుము. జాబితాలో దగ్గరి పేరు ఒక్కటి కనిపించినా న్యాయవాదిని అడగకుండా ఈ డబ్బు కట్టవద్దని నా మనవి.

మా చెల్లెలు చివరికి తన నాయనమ్మ ఇంటిపేరును, ఊరిలో ఆమెను పిలిచే పేరును కలిపి ఒక్క మాటగా చేసుకుంది. పచ్చళ్లకు, పిండివంటలకు దరఖాస్తు పెట్టింది, కాఫీ బల్లల తరగతిని అవి వేసిన నాటికి వాయిదా వేసుకుంది. పేరు ట్రేడ్ మార్కుల జర్నల్‌లో వెలువడ్డాక నాలుగు నెలలపాటు ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. నమోదు పత్రం చేతికి వచ్చేవరకు సీసాల మీద ‘టీఎం’ గుర్తు మాత్రమే వేయాలని, సున్నాలో ‘ఆర్’ ఉన్న గుర్తు వేయడం నేరమని లేబుళ్లు అచ్చువేసేవారికి ముందే చెప్పి ఉంచాం.