పాలకొల్లు పాత ప్రెస్సు: పెళ్లి దగ్గర పడితే వెళ్లకండి

ముందే చెప్పేస్తున్నాను. మీ ఇంట్లో పెళ్లి పదిహేను రోజుల్లో ఉంటే ఈ ప్రెస్సు గడప తొక్కకండి. శుభలేఖలు చాలా బాగా వస్తాయి, కాకపోతే పెళ్లయ్యాక వస్తాయి.

పాలకొల్లులో క్షీరారామం పెద్ద గోపురానికి రెండు వీధుల అవతల ఉంటుందిది. బోర్డు మీద పేరు సగం చెరిగిపోయింది. ఇక్కడ పేరు రాస్తానంటే మాస్టారు ఒప్పుకోలేదు. "రాస్తే జనం వస్తారమ్మా, వస్తే పని చెయ్యాలి" అన్నారు. ఊరంతా మాస్టారు అంటారు కానీ ఆయన బళ్లో పాఠాలు చెప్పింది లేదు. సీసం అక్షరాలు కూర్చి కూర్చి, నలుగురికి ఆ పని నేర్పి సంపాదించుకున్న పిలుపు అది.

నేను ఇంటి దగ్గరే కూర్చుని డిజైన్ పని చేసుకుంటాను. హైదరాబాదు వాళ్ల లోగోలు, యాప్ బొమ్మలు వగైరా ఫోన్లోనే అయిపోతాయి. కాగితం ఎక్కాల్సినవి మాత్రం మూడేళ్లుగా ఇక్కడికే తెస్తున్నాను. ప్రస్తుతం మూడు నడుస్తున్నాయి: ఆత్రేయపురం పూతరేకుల పెట్టె, నర్సాపురం లేసు అల్లే వాళ్లకి ట్యాగు, ప్రభల తీర్థం (సంక్రాంతికి కోనసీమలో రంగుగుడ్డలతో అలంకరించిన ప్రభల్ని ఊరేగించే జాతర) మీద ఓ గోడ కేలెండరు.

పెట్టె సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పని ఒప్పుకున్నాక ఆత్రేయపురం వెళ్లి ఓ పూట కూర్చున్నాను. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట. పల్చటి బియ్యప్పిండి నీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఇలా లాగి అలా తీస్తే రేకు లేచి వచ్చేస్తుంది. వెలుతురుకి పట్టుకుంటే ఒకచోట పల్చగా, ఒకచోట మబ్బు పట్టినట్టు ఉంటుంది. అదే పెట్టె మీదకి రావాలనుకున్నాను. మూడు రేకులు అడిగి తెచ్చుకుని, రెండు స్కానర్ మీద పెట్టి మూత దించాను. పొడి పొడి. స్కానర్ అద్దం తుడవడానికి పావుగంట పట్టింది. మూడో రేకుకి మూత వెయ్యకుండా ఫోటో తీశాను.

ఆ మబ్బు చాయని లేత గోధుమ రంగులో, ఐదు శాతం టింట్‌తో, అంటే రంగుని సన్నటి చుక్కలుగా పల్చన చేసి, పెట్టె అంతా పరిచి పట్టుకెళ్లాను. స్క్రీన్ మీద అద్భుతం. మాస్టారు కళ్లజోడు నుదుటి మీదకి తోసి చూసి, "ఐదు శాతం చుక్క నా మిషన్‌లో నిలవదమ్మా, సగం చుక్కలు ఎగిరిపోతాయి. పన్నెండు చేసుకో" అన్నారు. ఆయన దగ్గరున్నది ఒక్కో రంగు విడిగా వేసే చిన్న ఆఫ్‌సెట్ మిషన్. నేను వినలేదు. ప్రూఫ్‌లో, అంటే నమూనా ప్రింటులో, రేకు బదులు తెల్లమచ్చలు వచ్చాయి. పన్నెండు చేశాను.

తర్వాత ఆయన చేసిన పని నాకు ఏ డిజైన్ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. శాంపిల్ పెట్టెలో నెయ్యి రాసిన రెండు పూతరేకులు పెట్టి రాత్రంతా బల్ల మీద వదిలేశారు. పొద్దున్న చూస్తే అడుగున, సరిగ్గా నేను ముచ్చటపడి వేసిన గోదారి అలల మీద, ఓ లంకంత మరక. "ఇదమ్మా నీ అసలు డిజైన్" అని నవ్వారు. గోదారి జిల్లా వెటకారం, ఏం చేస్తాం. అలలు మూత మీదకి ఎక్కాయి, అడుగు భాగం ముదురు బెల్లం రంగుకి మారింది, లోపల బటర్ పేపర్ తప్పనిసరైంది. మడతలు కూడా ఆయనే తిప్పించారు: అట్టకి పీచు ఒక వైపుకే ఉంటుందట, మడత దానికి అడ్డం పడితే "పగులుద్ది" అని చేత్తో మడిచి, చిట్లిన గీత చూపించారు. సీసం అక్షరాలతో అచ్చు వేసే పాత ట్రెడిల్ మిషన్‌ని ఇప్పుడు ఈ మడత గీతలకీ, అట్టని పెట్టె ఆకారానికి కోసే డై పంచింగ్‌కీ వాడుతున్నారు. టకటకమని అది నడుస్తుంటే పక్కన ఫోన్ మాట్లాడలేం.

ఇంకోటి. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ ముద్ర పెట్టె మీద పెద్దగా వెయ్యమని మా క్లయింటు పట్టుబట్టారు. నేను వేసేశాను కూడా. మాస్టారు ఫైలు తెరవకముందే, "వీళ్లు వాడుకోడానికి రిజిస్టర్ చేయించుకున్నారా?" అని అడిగారు. చేయించుకోలేదు. తీసేశాను. రిజిస్ట్రేషన్ అయ్యాక స్టిక్కర్ వేసుకోవచ్చని కాస్త చోటు మాత్రం ఉంచాను.

శుభలేఖల విషయంలో ఈయన మాట వేదం. నా మొదటి శుభలేఖకి నాలుగు మూలలా బంగారు రంగు లతలు అల్లాను. "మూలలు వదిలెయ్యమ్మా, పసుపు పెట్టాలి కదా" అన్నారు. ఇన్నేళ్లు ఇంటికొచ్చిన ప్రతి శుభలేఖకీ పసుపు చూసినదాన్ని, వేసేటప్పుడు తట్టలేదు. పైగా లామినేషన్ చేస్తే పసుపు అంటదు, జారి పక్క కార్డుకి అంటుకుంటుంది. లామినేషన్ లేని గరుకు కాగితం తీసుకోండి. స్క్రీన్ ప్రింటింగ్‌లో అక్షరం వేలికి తగిలేలా వస్తుంది, డబ్బులు దానికిచ్చినా బాధ ఉండదు.

ఇక తిట్లు.

చెప్పిన తేదీకి ఇవ్వరు. శ్రావణంలో అయితే అసలు ఆశ పెట్టుకోవద్దు. గాలిలో తేమకి కాగితం సాగుతుంది. నిన్న ఎరుపు వేసి ఇవాళ నలుపు వేస్తే రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవు, గీత పక్కన సన్నటి తెల్ల సందు కనిపిస్తుంది. ఆయన ఆ షీట్లు పక్కన పడేసి ఎండ కోసం ఎదురుచూస్తారు. మంచిదే, కానీ క్లయింటుకి ఫోన్ చేసి వర్షం కథ చెప్పాల్సింది నేను. ఆ టెన్షన్ ఆయనకుండదు.

రెండోది డీటీపీ, అంటే కంప్యూటర్లో అక్షరాలు కూర్చే పని. అక్కడి కుర్రాడు మంచివాడే, చేతివేగం ఎక్కువ. నేను పీడీఎఫ్ ఇస్తే, చిన్న మార్పుంది కదా అని అసలు ఫైలు తెరిచి తన పాత సాఫ్ట్‌వేర్‌లోకి అక్షరాలు కాపీ చేశాడు. అక్కడ వాళ్లు వాడేది పాత పద్ధతి అను ఫాంట్లు, నేను వాడేది ఇప్పుడు ఫోన్లలో ఉండే యూనికోడ్, ఒకదాని అక్షరాలు ఇంకోదానికి అర్థం కావు. వత్తులన్నీ విడిపోయి, విజిటింగ్ కార్డుల మీద "లక్ష్మి" కాస్తా "లక్ ష్ మి" అయి కూర్చుంది. 300 కార్డులు. మళ్లీ ఉచితంగానే వేసిచ్చారు, నాలుగు రోజులు తీసుకుని. అప్పటి నుంచి అక్షరాలన్నీ అవుట్‌లైన్లు చేసి, అంటే బొమ్మలుగా మార్చేసి, పీడీఎఫ్ ఒక్కటే ఇస్తున్నాను. మీరూ అలాగే ఇవ్వండి, అసలు ఫైలు పొరపాటున కూడా పెన్ డ్రైవ్‌లో ఉంచొద్దు.

లేసు ట్యాగు తేలికగా అయిపోయింది. లేసులో అందం దారంలో కంటే సందుల్లో ఎక్కువ ఉంటుంది. నల్ల అట్ట మీద ఆ సందుల్నే తెల్ల చుక్కలుగా వేశాను. స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్క తెలుపు, ఒక్క పూట. ట్యాగుకి కన్నం పెట్టి దారం కట్టడం ప్రెస్సువాళ్లు చెయ్యరు. అల్లే ఆడవాళ్లే కట్టుకున్నారు, మామూలు ముడి కాదు, చిన్న క్రోషా పువ్వుతో. ట్యాగు కంటే అదే బాగుంది.

కేలెండరు ఇంకా తేలలేదు. కనుమ రోజు చించినాడ వంతెన దాటి జగ్గన్నతోట వెళ్లి, ఏకాదశ రుద్రుల ప్రభలు చేలల్లోంచి వస్తుంటే రంగుల నోట్సు రాసుకున్నాను. ఆ రాణీ రంగు గుడ్డ, పక్కన చిలకాకుపచ్చ, కింద పచ్చటి వరి. ఇంటికొచ్చి నాలుగు రంగుల ప్రింటుకి మార్చేసరికి రాణీ రంగు వాడిన గులాబీలా అయింది. మాస్టారిని అడిగితే డబ్బా ఇంకులు తీసి గాజు పలక మీద కత్తితో కలపడం మొదలుపెట్టారు. చిటికెడు ఇది, గోరంత అది, వేలితో కాగితం మీద అద్ది, ఊది, నేను కోసి తెచ్చిన గుడ్డముక్క పక్కన పెట్టి చూడటం. తొమ్మిదో అద్దకానికి కలిసింది. గుడ్డ ఏదో కాగితం ఏదో వాకిట్లో ఎండలో పెట్టి చూస్తే గానీ తెలియలేదు. ఆ కొలత ఎక్కడా రాసుకోలేదు మరి. వచ్చే ఏడాది మళ్లీ కావాలంటే ఏం చేస్తారండీ అంటే, "గుడ్డముక్క జాగ్రత్తగా దాచుకో" అన్నారు.

ఖర్చు ఆన్‌లైన్లో వేయించే దానికంటే కొంచెం ఎక్కువే. వేలల్లో కాపీలు కావాలంటే విజయవాడ వెళ్లడం నయం. రెండొందల నుంచి ఐదొందల వరకూ అయితే, చేతిలో నెల టైమ్ ఉంటే, ఇక్కడికి రండి. సగం అడ్వాన్సు, మిగతాది సరుకు చూశాక. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా షట్టర్ సగం దించి ఉంటుంది, మూసేశారనుకుని వెనక్కి వెళ్లిపోకండి. వంగి లోపలికి వెళ్తే కాగితం కట్టల మీద పడుకుని ఉంటారు. లేపితే విసుక్కుంటారు, ఆ తర్వాత ఫైలు చూస్తారు.