మమ్మీల మీది ముఖాల కోసం: లండన్, కైరో, హవారా

రోమన్ల ఏలుబడిలోని ఈజిప్టులో మమ్మీల ముఖం మీద అమర్చిన రంగుల చిత్తరువులను చూడాలనుకునేవారు ముందుగా ఆ దేశంలోని ఫయ్యూం ప్రాంతానికి బయలుదేరడం తెలివైన పని కాదు. వాటికి ‘ఫయ్యూం చిత్తరువులు’ అన్న పేరు స్థిరపడినా, 1880ల చివరి నుంచి తవ్వకాల్లో బయటపడినవి బయటపడినట్టే లండన్, వియన్నా, బెర్లిన్, ప్యారిస్ దారి పట్టాయి. నేడు మిగిలి ఉన్న సుమారు 900 చిత్తరువుల్లో ఎక్కువ భాగం ఈజిప్టు వెలుపలే ఉంది. అందువల్ల నా మాట అడిగితే, ముఖాలను లండన్‌లో చూడాలి, అవి పుట్టిన నేలను ఆ తరువాత చూడాలి.

బ్రిటిష్ మ్యూజియం పై అంతస్తులోని మమ్మీల గదుల్లో ఆర్టెమిడోరస్ అనే యువకుడి మమ్మీ ఉంది. ఫయ్యూంలోని హవారా శ్మశానంలో 1888లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త ఫ్లిండర్స్ పీట్రీ తవ్వి తీసిన ఈ మమ్మీ క్రీ.శ. రెండవ శతాబ్దం తొలి దశకాల నాటిది. ఎర్ర రంగు పూసిన గచ్చు తొడుగు మీద సింహపు కాళ్ల మంచం, దాని మీద శవం, పక్కన నక్కతల అనూబిస్ దేవుడు బంగారు రేకుతో మెరుస్తూ కనిపిస్తారు. గుండె భాగం దగ్గర గ్రీకు లిపిలో వీడ్కోలు మాట ఉంది. పైనున్న ముఖం మాత్రం రోమన్ పద్ధతిలో జుట్టు కత్తిరించుకుని, తెల్లని వస్త్రం వేసుకున్న కుర్రవాడిది. పేరు గ్రీకుది, వేషం రోమన్లది, పరలోకపు నమ్మకం ఈజిప్టుది. ఈ మూడూ ఒకే దేహం మీద కలిసిన తీరు, మమ్మీ నుంచి ఊడదీసి చట్రంలో బిగించిన పలకను చూస్తే అర్థం కాదు. ప్రవేశం ఉచితమే అయినా ముందుగా సమయం నమోదు చేసుకోవడం మేలు. ఈ గదుల్లో బడిపిల్లల రద్దీ ఎక్కువ కాబట్టి, మ్యూజియం రాత్రి ఎనిమిదిన్నర వరకు తెరిచి ఉండే శుక్రవారం సాయంత్రాన్ని ఎంచుకోవాలి.

అక్కడి నుంచి పావుగంట నడకలో, యూనివర్సిటీ కాలేజ్ ఆవరణలో పీట్రీ మ్యూజియం ఉంది. ఇదీ ఉచితమే. ఇరుకుగా, అద్దాల బీరువాలతో కిక్కిరిసి, ఒక పాత గ్రంథాలయపు గిడ్డంగిని తలపించే ఈ చోట చిత్తరువులను జానెడు దూరం నుంచి చూడవచ్చు. వేడి మైనంలో రంగు కలిపి, పలుచని చెక్క పలక మీద పూసే పద్ధతి ఎలాంటిదో నాకు ఇక్కడే బోధపడింది. మెడ మీద రంగు కుంచెతో బారుగా సాగింది. చెంపల మీద మాత్రం గట్టిపడుతున్న మైనాన్ని పరికరంతో కొద్దికొద్దిగా నొక్కి జరిపిన గాట్లు పక్కపక్కనే కనిపిస్తాయి, కంటిపాపలో ఒక్క తెల్లని చుక్క ఎత్తుగా నిలిచి ఉంటుంది. చాలా పలకలు ఈజిప్టులో పెరగని లిండెన్ చెక్కవి, అంటే కలపను సముద్రం దాటించి తెప్పించుకున్నారన్నమాట. పలక చుట్టూ గుడ్డ పట్టీలను నవారు మంచం అల్లినట్టు వాలుగా, పొర మీద పొరగా చుట్టి, మధ్యలో ఏర్పడిన గుంటల్లో బంగారు పూత బొడిపెలు పెట్టిన మమ్మీలు హవారాలో దొరికాయి. పీట్రీ మ్యూజియం చాలా రోజులు మధ్యాహ్నం ఒంటిగంట తరువాతే తెరుచుకుంటుంది కనుక ఉదయం బ్రిటిష్ మ్యూజియం, మధ్యాహ్నం ఇది అన్న వరుస సరిపోతుంది.

ఈ మ్యూజియాలున్న బ్లూమ్స్‌బరీ పేటలోని పాత ఇళ్లను మార్చి కట్టిన చిన్న హోటళ్లలో గదులు ఇరుకు, అద్దె ఎక్కువ, చాలాచోట్ల లిఫ్టు ఉండదు. పెద్దవాళ్లతో వెళ్లేవారు కింది అంతస్తులో గది కావాలని ముందే అడగాలి. అయినా రెండు మ్యూజియాలకూ నడిచి వెళ్లే వీలుంది, శాకాహారులకు యూస్టన్ స్టేషను పక్కన డ్రమ్మండ్ వీధిలో భారతీయ భోజనశాలలున్నాయి కాబట్టి ఆ డబ్బు దండగ అనిపించలేదు.

కైరోలో తహ్రీర్ చౌక్‌లోని పాత మ్యూజియానికి నన్ను రప్పించింది ఒకే ఒక్క గుండ్రని పలక. ఈజిప్టులోని పురాతన నగరం ఆంటినోపోలిస్‌లో ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త ఆల్బెర్ గయే తవ్వకాల్లో దొరికిన దీన్ని ‘ఇద్దరు అన్నదమ్ములు’ అంటారు. చామనఛాయ మనిషి, అతని పక్కన తెల్లని ఛాయ గల చిన్నవాడు, భుజాల వెనుక పసిడి వన్నెలో రెండు బుల్లి దేవతామూర్తులు ఉన్నారు. వారు నిజంగా అన్నదమ్ములేనా అన్నది పండితులు ఇంకా తేల్చలేదు. పలక ఎంత గొప్పదో ప్రదర్శన అంత పేలవం: అద్దం మీద పైకప్పు వెలుగు పడి మెరుస్తుంది, వివరణ రెండు ముక్కల్లో ముగుస్తుంది. పక్కకు ఒరిగి చూస్తేనే ముఖాలు దొరుకుతాయి.

కైరో నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని ఫయ్యూముకు ఒక ట్రావెల్స్ సంస్థ కారు మాట్లాడుకున్నాను. ‘చిత్తరువుల యాత్ర’ అని డబ్బు తీసుకున్న ఆ సంస్థ హవారాలో ఒక్క చిత్తరువూ లేదన్న సంగతి చెప్పలేదు. దారిలో పోలీసు తనిఖీలకు పట్టిన సమయం వేరు. హవారాలో ఉన్నది మూడవ అమెనెమ్హెత్ అనే ఫారో కట్టించిన పిరమిడ్. పై రాయి పోయి మట్టి ఇటుకల దిబ్బగా మిగిలింది, లోపలికి భూగర్భజలం చేరింది. చుట్టూ శ్మశానంలో పెంకులు, గుడ్డ పీలికలు ఇసుకలో కలిసిపోయి ఉన్నాయి. పీట్రీ తవ్విన మమ్మీల్లో కొన్నింటికి పాత దెబ్బలు, మరకలు ఉండడంతో, పూడ్చక ముందు వాటిని చాలాకాలం ఇళ్లలోనే నిలిపి ఉంచేవారని ఆయన ఊహించాడు. ఆ ఊహను మనసులో పెట్టుకుని నడిస్తే ఈ బోసి నేల కొంత పలుకుతుంది, లేకపోతే ఎండ తప్ప మరేమీ ఉండదు. బస మాత్రం బాగుంది: ఖారూన్ సరస్సు ఒడ్డున, కుండల తయారీకి పేరుపడిన తూనిస్ గ్రామంలో మట్టి గోడల అతిథిగృహం, వేడి నీళ్లు, శాకాహారులకు ఫూల్ అనే చిక్కుడు గింజల కూర, తామియా అనే గింజల వడలు, రొట్టె దొరికాయి. మంచి గైడు లేకుండా హవారాకు వెళ్లవద్దని చెబుతాను.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియంలో మమ్మీని చూసినవారు ఈ చిత్తరువుల మమ్మీలను దానితో పోల్చుకోకూడదు. అది రోమన్లకు ముందరి కాలానిదని చెబుతారు, చిత్తరువుల సంప్రదాయం అప్పటికి పుట్టలేదు.

లండన్‌లో మరో రోజు మిగిలితే కేంబ్రిడ్జ్‌కు రైలెక్కి, ఊరికి కాస్త దూరంలోని గిర్టన్ కళాశాలకు వెళ్లాలి. 1911లో హవారాలో దొరికిన హెర్మియోనీ మమ్మీ అక్కడ ఉంది. పేరు పక్కన ‘గ్రమ్మటికే’ అని రాసి ఉండడం వల్ల ఆమె చదువు చెప్పిన స్త్రీ అని భావించి, ఆడవాళ్ల కళాశాలకే చెందాలని పీట్రీ ఆమెను అప్పట్లో ఆడవాళ్లకే పరిమితమైన గిర్టన్‌కు పంపించాడు. ఆ గది ఎప్పుడూ తెరిచి ఉండదు కాబట్టి, వెళ్లే ముందు కళాశాలకు రాసి వేళలు కనుక్కోవాలి.