పాత ఆఫీసులో పడ్డ వేధింపుల గురించి సోషల్ మీడియాలో పోస్ట్ పెట్టాలా, కంప్లైంట్ ఇవ్వాలా?

వైజాగ్ రుషికొండ ఐటీ హిల్ మీద రెండేళ్లు చేసి మానేశా, కంపెనీ పేరు వద్దులెండి. రాత్రి పదకొండుకి కాల్స్, అందరి ముందు తిట్లు, లీవ్ అడిగితే వెటకారం.

పోస్ట్ పెడితే ముందు కడుపులో మంట దిగుద్ది, పాత కొలీగ్స్ కూడా నాకూ ఇదే అయింది అని నోరు విప్పుతారు, మధురవాడలో రూమ్ తీసుకుని జాయినవుదామనుకునే ఫ్రెషర్ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. కానీ పరువు నష్టం కేసు వేస్తే భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 356 కింద రెండేళ్ల దాకా జైలు ఉంది, నిజమే రాశాం అంటే సరిపోదు, జనం మంచి కోసమే రాశామని కూడా చూపించుకోవాలి. పైగా వైజాగ్ చిన్న ఊరు, ఒక హెచ్చార్‌కి తెలిస్తే కొండంతా తెలిసినట్టే.

కంప్లైంట్ స్లో. ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులైతే 2013 చట్టం ఉంది, పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట ఫిర్యాదులు వినే కమిటీ ఉండాల్సిందే, మామూలుగా 3 నెలల్లోపు రాసివ్వాలి, ఆ వివరాలు బయటపెట్టకూడదు. ఉత్త తిట్లకి ఆ కమిటీ పనికిరాదు, నాది అదే కేసు.

అందుకే పోస్టే పెట్టా, పేర్లు లేకుండా, తేదీలతో. మర్నాడే పాత టీమ్ లీడ్ ఫోను, "అది నా గురించేనా?" అని.