"నెమ్మదిగా పెరుగుద్దండి" అని అంటగట్టాడు, జాగ్రత్త

నీలం లైటు కింద వీడియోలు తీసి వాట్సాప్‌లో అక్వేరియంలో పెంచుకునే ప్రాణమున్న పగడాలు అమ్మే ఆయన ఉన్నాడు కదా, పేరెందుకు, ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు ఉన్నవాళ్ళందరికీ తెలుసు. ఆయన దగ్గర ఏమీ కొనకండి. సంక్రాంతి ముందు 1,800 పోసి అగ్గిపెట్టంత పగడం ముక్క (ఫ్రాగ్ అంటారు) తెచ్చుకున్నా. "ఆయ్, చాలా నెమ్మదిగా పెరుగుద్దండి, జోవాల పక్కనే పెట్టేసుకోండి" అన్నాడు. జోవాలంటే చిన్న చిన్న పువ్వుల్లా గుంపుగా ఉండే సముద్రజీవులు, నా ట్యాంకులో ముందే ఉన్నాయి. పెట్టాను. అది గ్రీన్ స్టార్ పాలిప్స్ అని, అంటే దొరికినచోటల్లా పాకేసే పగడమని కనుక్కోకపోవడం నా తప్పే.

అమలాపురంలో పుట్టి, పంటకాలువని గుర్రపుడెక్క ఎలా కమ్మేస్తుందో చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి, నా ట్యాంకులో అదే జరుగుతుంటే పచ్చగా భలే ఉందని ఫొటోలు తీసుకున్నా. పైన గడ్డి ఊగుతున్నట్టు ఉంటుంది, అడుగున ఊదారంగు పొర, తోలులాంటిది, రాయంతా పాకి జోవాల మీదకెక్కేసింది. జోవాలు నలభై దాకా ఉండేవి, నిన్నటికి ఆరు. గాజు మీదది గోటితో లాగితే ఊడొచ్చింది గానీ రాయి మీదది బ్లేడుకి కూడా లొంగలేదు.

నిన్న ఫోన్ చేశా. అమ్మేటప్పుడు ఆయ్ ఆయ్ అన్న మనిషి, "పెరక్కపోతే పెరగలేదంటారు, పెరిగితే పెరిగిందంటారు, మీతో ఎలా బాబూ" అని నవ్వాడు. నవ్వితే నవ్వాడు, తర్వాత అన్నమాట వినండి: "రాయి తీసి గిన్నెలో వేసి మరిగించెయ్, పోద్ది." నేను మహా బుద్ధిమంతుణ్ణి కదా, గిన్నెడు నీళ్ళు పొయ్యి మీద పెట్టేశా కూడా. రాయి ఇంకా బకెట్లోనే ఉంది, ఈలోపు రొయ్యల హేచరీలో పనిచేసే మా బావమరిది ఫోన్ చేస్తే మాటల్లో చెప్పా, అంతే, అరిచాడు. కొన్ని రకాల జోవాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉంటుంది, మరిగిస్తే ఆవిరితో ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఇంటిల్లిపాదీ ఆసుపత్రిలో పడ్డ సంగతులున్నాయి. పొయ్యికి రెండడుగుల దూరంలో మా చిన్నది అట్టు తింటోంది.

ఆ సంగతే ఆయనకి మెసేజ్ పెడితే చూశాడు, జవాబు లేదు. పది నిమిషాలకి "కొత్త స్టాక్" అంటూ గట్టి పగడాల వీడియో! అవి 1972 వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో, అంటే రక్షిత జీవుల జాబితాలో ఉన్నాయి, పులితోపాటు. మహానుభావుడు.

గ్రీన్ స్టార్ మీద మోజుంటే ఇసుకలో విడిగా ఒక రాయి వేసి దాని మీద పెట్టుకోండి, పెద్ద రాళ్ళకి తగలనివ్వకండి. జోవాలున్న రాయిని మరిగించొద్దు, బయటపెట్టి గీకొద్దు, గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు.