బ్రిటన్ డ్రైవింగ్ టెస్టుకి సొంత కారా, ఇన్‌స్ట్రక్టర్ కారా?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏళ్ల తరబడి కారు నడిపి బ్రిటన్ వచ్చినవాళ్లకి మొదటి ఏడాది పెద్ద ఇబ్బంది ఉండదు. ఇక్కడ నివాసం మొదలైనప్పటి నుంచి 12 నెలలు ఇండియా లైసెన్స్‌తోనే నడపొచ్చు. ఆ తర్వాత కుదరదు. మన లైసెన్స్ చూపించి ఇక్కడి లైసెన్స్ తెచ్చుకునే వీలు లేదు కాబట్టి ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్లకి ఇచ్చే లైసెన్స్) తీసుకుని, థియరీ రాసి, ప్రాక్టికల్ పాస్ కావాల్సిందే. అప్పటికే చాలామంది ఇంటి ముందు ఒక సెకండ్ హ్యాండ్ కారు ఉంటుంది. దాంట్లోనే టెస్టుకి వెళ్తే ఇన్‌స్ట్రక్టర్‌కి ఆ రోజు కట్టే డబ్బు మిగులుతుంది కదా అనుకుంటారు.

డబ్బు సంగతి పక్కన పెట్టి, టెస్టులో అడిగే సేఫ్టీ చెక్స్ వైపు నుంచి ఈ రెండు దారులనూ చూద్దాం. మనవాళ్లు అందరికంటే తేలిగ్గా తీసుకునే భాగం అదే.

ఎగ్జామినర్ ముందుగా 20 మీటర్ల దూరంలోని నంబర్ ప్లేటు చదివిస్తారు. తర్వాత బండి కదలకముందే ఒక 'టెల్ మీ' ప్రశ్న: ఫలానాది బాగుందో లేదో ఎలా చూస్తారో నోటితో చెప్పాలి. బండి నడుపుతుండగా ఒక 'షో మీ' ప్రశ్న: ఫలానాది చేసి చూపించాలి. ఈ రెండోది నడుపుతూ చేయాల్సి రావడం 2017 డిసెంబర్ 4 నుంచి మొదలైంది. మొదటి రకంలో 14, రెండో రకంలో 7 ప్రశ్నలు ఉన్నాయి. జాబితా మొత్తం టెస్టులు నిర్వహించే ప్రభుత్వ సంస్థ డీవీఎస్‌ఏ ముందే బయటపెట్టింది, దాచిందేమీ లేదు. ఒకటి తప్పినా రెండూ తప్పినా పడేది ఒక్క మైనర్ ఫాల్టే. అలాంటివి 15 దాకా ఉన్నా పాస్ అవుతారు కాబట్టి, ముందు రోజు రాత్రి జవాబులు బట్టీ పట్టి వెళ్లిపోతారు.

'షో మీ'లో అసలు చిక్కు జవాబు తెలియకపోవడం కాదు. వెనక కిటికీ అద్దం మీది మంచుపొర పోగొట్టే డీమిస్టర్ వేయమన్నప్పుడు, ఆ స్విచ్ కోసం రెండు క్షణాలు కిందికి చూస్తే బండి పక్క లేన్‌లోకి జరుగుతుంది. అప్పుడు అది మైనర్ ఫాల్ట్ కాదు, సీరియస్. ఒక్కటి పడితే టెస్టు పోయినట్టే. ముందు వెనక అద్దాలు నీళ్లు చిమ్మి కడగడం, డిప్డ్ హెడ్‌లైట్లు (లో బీమ్), డీమిస్టర్లు, హారన్, పక్క కిటికీ, ఇవన్నీ కళ్లు రోడ్డు మీద ఉండగానే చెయ్యి వెతుక్కోగలగాలి. ఈ విషయంలో రోజూ నడిపే సొంత కారుదే పైచేయి. వారానికి ఒకటి రెండు గంటలు మాత్రమే ఎక్కే కారులో చేతికి ఆ అలవాటు రావడం కష్టం. ఇన్‌స్ట్రక్టర్ కారులో వెళ్లేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఈ ఏడూ ఒకసారి చేయించమని నోరు తెరిచి అడగాలి.

'టెల్ మీ' దగ్గర కథ వేరు. జవాబు ఏ కారుకైనా ఒకటే: టైరు మీద గాట్లు, ఉబ్బులు ఉండకూడదు, ట్రెడ్ (టైరు మీది గాడులు) లోతు మధ్యలోని ముప్పావు వంతు వెడల్పులో చుట్టూతా కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. ఇంజిన్ ఆయిల్, కూలెంట్, బ్రేక్ ఫ్లూయిడ్ ప్రశ్నలకి మాత్రం బానెట్ తెరిచి, దేన్ని ఎక్కడ చూస్తారో వేలు పెట్టి చూపించాలి. అక్కడ ఏ కారు అమరిక దానిదే. ఇండియాలో మనం బానెట్ ఎత్తింది తక్కువ. బంకులో గాలి వేరేవాళ్లు కొట్టారు, ఆయిల్ సంగతి మెకానిక్ చూసుకున్నాడు. ఇక్కడ పెట్రోల్ స్టేషన్లో మిషన్ ఉంటుంది, మనిషి ఉండడు. టైరు చల్లగా ఉండగా గేజ్‌తో ప్రెషర్ చూసుకుని, గాలి నింపి, వాల్వ్ మూతలు మళ్లీ పెట్టుకోవాల్సింది మనమే. అరిగిన టైరుతో పోలీసులకి దొరికితే ఒక్కో టైరుకి 2,500 పౌండ్ల దాకా జరిమానా, లైసెన్స్ మీద 3 పెనాల్టీ పాయింట్లు. అందుకే బట్టీ పట్టడం నాకు నచ్చదు. 20 పెన్నీల నాణెం ట్రెడ్‌లో నిలబెట్టి చూడండి. దాని అంచు పట్టీ బయటికి కనిపిస్తుంటే టైరు మార్చే సమయం వచ్చినట్టే.

ఇంతవరకూ సొంత కారే ముందుంది. కానీ ఎగ్జామినర్ మనల్ని పరీక్షించే ముందు కారుకి ఒక పరీక్ష ఉంటుంది, దాన్ని చాలామంది మర్చిపోతారు. కారుకి ట్యాక్స్ కట్టి ఉండాలి. టెస్టుకి వర్తించే ఇన్సూరెన్స్ ఉండాలి. మూడేళ్లు దాటిన కారైతే ఎంఓటీ (ఏటా చేయించే కారు తనిఖీ సర్టిఫికెట్) ఉండాలి. ముందూ వెనకా ఎల్ ప్లేట్లు (నేర్చుకుంటున్నారని తెలిపే 'L' బోర్డులు), ఎగ్జామినర్ కోసం లోపల ఇంకో అద్దం కావాలి. డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ లైటు లాంటి హెచ్చరిక దీపం వెలగకూడదు. వీటిలో ఏది సరిగా లేకపోయినా టెస్టు మొదలే కాదు. కట్టిన 62 పౌండ్లు, సాయంత్రాలూ వారాంతాలైతే 75, తిరిగి రావు. పైగా ఇంకో తేదీ కోసం ఎదురుచూపు. పాత కారులో హెచ్చరిక దీపం చెప్పి వెలగదు కదా. ఇన్‌స్ట్రక్టర్‌కి ఆ కారే జీవనాధారం కాబట్టి, ఈ లెక్కలన్నీ ఆయన చూసుకుంటారు.

మనవాళ్లకి ప్రత్యేకంగా తగిలే ముడి ఇంకోటి ఉంది. 12 నెలలు దాటి ప్రొవిజనల్ మీదికి వచ్చాక ఒంటరిగా నడపకూడదు. పక్కన కూర్చునే మనిషికి 21 ఏళ్లు నిండి, బ్రిటన్ లేదా యూరప్ దేశాల ఫుల్ లైసెన్స్ వచ్చి మూడేళ్లు అయ్యుండాలి. పదేళ్ల ఇండియా లైసెన్స్ ఉన్న బావగారు పక్కన కూర్చున్నా లెక్కలోకి రాదు. అర్హత ఉన్న స్నేహితుణ్ణి వెతికి, పనిరోజు సెలవు పెట్టించాలి.

అందుకని నా మాట ఇది: టెస్టు ఇన్‌స్ట్రక్టర్ కారులోనే ఇవ్వండి, చెక్స్ మాత్రం రెండు కార్ల మీదా నేర్చుకోండి. ఇంటి దగ్గర ఆగి ఉన్న సొంత కారు బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీయండి, తుడిచి మళ్లీ పెట్టి తీసి, గీతల మధ్య ఆయిల్ ఉందో లేదో చూడండి. హజార్డ్ లైట్లు వేసి చుట్టూ తిరిగి ఇండికేటర్లు చూడండి. బ్రేక్ లైట్లకి ఇంట్లోవాళ్లని వెనక నిలబెట్టండి. తర్వాత క్లాసుకి వెళ్లినప్పుడు అవే ఆ కారులో ఎక్కడున్నాయో అడిగి చూపించుకోండి.

కొత్త కారు, వారంటీ, అర్హత ఉన్న జీవిత భాగస్వామి, ఈ మూడూ ఉన్నవాళ్లకి సొంత కారు కూడా మంచి ఎంపికే. అయితే అది ఆటోమేటిక్ అయితే వచ్చే లైసెన్స్ కూడా ఆటోమేటిక్‌కే పరిమితం. మున్ముందు గేర్ల కారు నడపాల్సి రావచ్చు అనుకుంటే ఈ సంగతి టెస్టు బుక్ చేసేముందే తేల్చుకోండి.