ఆరని టైర్ ప్రెషర్ లైటు: ఒక సెన్సర్ మార్చాలా, నాలుగూ మార్చాలా, లైటే తీసేయాలా?

పదేళ్లు దాటిన ఎస్‌యూవీ నడిపేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. నాలుగు టైర్లలోనూ గాలి సరిగ్గానే ఉంది, అయినా డ్యాష్‌బోర్డు మీద ఆ పసుపు లైటు ఆరడం లేదు. రీసెట్ నొక్కితే పోతుందా? చక్రాల లోపల గాలి కొలిచే సెన్సర్లలో పాడైన ఒక్కటి మారిస్తే చాలా, నాలుగూ మార్చాలా? వాల్వు మీద బిగించే బయటి సెన్సర్లు కొనుక్కుంటే పోలేదా? అసలు ఆ లైటునే తీసేస్తే ఏమవుతుంది?

ముందు లైటు ఎలా వెలుగుతోందో చూడాలి. ఇగ్నిషన్ ఆన్ చేసి ఒకటిన్నర నిమిషం దాన్నే గమనించండి. మొదటి నుంచీ నిలకడగా వెలుగుతుంటే ఏదో ఒక టైరులో గాలి తగ్గిందని అర్థం. నిమిషం, నిమిషంన్నర పాటు మిణుకుమిణుకుమని ఆ తర్వాత నిలకడగా ఉండిపోతే సిస్టమ్‌లోనే లోపం ఉంది. చాలాసార్లు ఏదో ఒక సెన్సర్ నుంచి సిగ్నల్ అందకపోవడమే అందుకు కారణం. మిణుకుమనే లైటు ఎంత గాలి కొట్టించినా ఆరదు. నిలకడగా వెలిగే లైటు కొత్త సెన్సర్లు వేసినా ఆరదు. ఈ రెండింటినీ కలిపేసుకున్నప్పుడే డబ్బు దండగవుతుంది.

నిలకడ లైటైతే పని చిన్నదే. బండి కనీసం మూడు గంటలు ఆగి ఉన్నాక, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గేజ్ పెట్టి చూడాలి. ఎంత గాలి ఉండాలన్నది డ్రైవర్ తలుపు పక్కన అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. టైరు గోడ మీద ముద్రించినది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, దాన్ని పట్టించుకోవద్దు. అమెరికా నిబంధన ప్రకారం, స్టిక్కర్ మీది పీడనంలో 25 శాతం తగ్గేసరికి లైటు వెలగాలి. అంటే 35 పీఎస్ఐ ఉండాల్సిన చోట 26కి దిగిందన్నమాట. చేత్తో తట్టి చూస్తే ఈ తేడా తెలియదు. చలికాలం తెల్లవారుజామున వెలిగి మధ్యాహ్నానికి ఆరిపోయే లైటుకు మాయేమీ లేదు. ఉష్ణోగ్రత అయిదారు డిగ్రీల సెల్సియస్ తగ్గినప్పుడల్లా టైరులో దాదాపు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. ఇక అందరూ మరిచిపోయేది స్టెప్నీ. టయోటా 4రన్నర్, ల్యాండ్ క్రూజర్ లాంటి కొన్ని ఎస్‌యూవీల్లో స్టెప్నీలోనూ సెన్సర్ ఉంటుంది. కింద వేలాడే ఆ అయిదో చక్రంలో ఏళ్ల తరబడి ఎవరూ గాలి చూడరు. నాలుగు టైర్లూ సరిగ్గా ఉండి లైటు నిలకడగా వెలుగుతుంటే ముందు దాన్ని చూడండి.

రీసెట్ బటన్ గురించి ఒక హెచ్చరిక. టైర్లలో గాలి కొలిచే సెన్సర్లే లేకుండా ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) సెన్సర్లతో చక్రం వేగాన్ని లెక్కగట్టి గాలి తగ్గిందని పసిగట్టే బండ్లు కొన్ని ఉన్నాయి. వాటిలో ఈ బటన్ చేసే పని ఒకటే: ఇప్పుడున్న గాలినే సరైనదిగా గుర్తుపెట్టుకోవడం. స్టీరింగ్ కింద బటన్ ఉండే పాత టయోటాల్లో చక్రాల్లో సెన్సర్లు ఉన్నా చాలావాటికి ఇదే పద్ధతి. ఇగ్నిషన్ ఆన్ చేసి, లైటు నెమ్మదిగా మూడుసార్లు మెరిసేదాకా నొక్కి పట్టుకోవాలి. గాలి తక్కువగా ఉన్నప్పుడు నొక్కితే ఆ తక్కువే ప్రమాణమైపోతుంది, నిజంగా పంక్చరైన రోజున లైటు ఆలస్యంగా వెలుగుతుంది. అందుకే ముందు నాలుగింటిలో కొలిచి గాలి నింపి, ఆ తర్వాతే బటన్ జోలికి వెళ్లాలి. చచ్చిపోయిన సెన్సర్‌ను ఏ రీసెట్టూ బతికించలేదు. బ్యాటరీ టెర్మినల్ పీకి పెట్టినా అంతే. లైటు ఆరినట్టు అనిపించినా కాసేపు నడిపేసరికి మళ్లీ మిణుకుమంటుంది.

అసలు చర్చంతా మిణుకుమనే లైటు గురించే.

పాత బండి విషయంలో అన్నిటికంటే పెద్ద లెక్క సెన్సర్‌లోని బ్యాటరీ వయసు. రిమ్ము లోపల, వాల్వు అడుగున కూర్చునే ఆ పెట్టెలో నాణెం ఆకారపు లిథియం సెల్ ఒకటి ఉంటుంది. నీళ్లు, దుమ్ము చేరకుండా దాని చుట్టూ రెసిన్ పోసి మూసేస్తారు కాబట్టి సెల్ మార్చే వీలు ఉండదు, సెన్సర్‌నే మార్చాలి. మామూలుగా ఏడు నుంచి పదేళ్లు వస్తుంది. అమెరికాలో 2007 సెప్టెంబర్ నుంచి, యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబర్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరిక వ్యవస్థ తప్పనిసరైంది. అప్పటి బండ్లలో వచ్చిన అసలు సెన్సర్లు ఇప్పుడు చాలావరకు ఆయుష్షు తీరినవే. పైగా నాలుగూ ఫ్యాక్టరీలో ఒకే రోజు బిగించినవి, ఒకే బండి కింద ఒకే ఎండలో, ఒకే వానలో తిరిగినవి. ఒకటి పోయిందంటే మిగతా మూడూ క్యూలో ఉన్నట్టే.

ఒక్కటే మార్చడం ఇక్కడే దెబ్బతింటుంది. సెన్సర్ చిన్నదే, పని చిన్నది కాదు. బండి జాకీ ఎక్కించి, చక్రం విప్పి, గాలి తీసి, రిమ్ములో కూర్చునే టైరు అంచు (బీడు) ఊడదీసి, సెన్సర్ బిగించి, మళ్లీ బీడు కూర్చోబెట్టి, బ్యాలెన్సింగ్ చేయాలి. ఈ నెల ఒకటి, ఆరు నెలలకు ఇంకొకటి అంటూ సాగితే ఇదే కూలీ నాలుగుసార్లు పడుతుంది. ఆ మధ్య నెలల్లోనూ లైటు వెలుగుతూనే ఉంటుంది. టైర్లు మార్చే రోజైతే చక్రాలు ఎలాగూ విప్పుతారు, సెన్సర్ల కోసం విడిగా అయ్యే పని దాదాపు ఉండదు. ఎనిమిదేళ్లు దాటిన సెన్సర్లకు నా ఓటు ఎప్పుడూ నాలుగూ ఒకేసారి మార్చడానికే, అదీ టైర్లు మార్చే రోజునే. టైర్లు ఇంకో అయిదారు నెలలకు అరిగేలా ఉంటే అప్పటిదాకా ఆగండి, కానీ వారానికోసారి గేజ్‌తో చూసుకోవడం మానొద్దు.

ఒక్కటే మార్చడం న్యాయమైన సందర్భాలు రెండు. మిగతావి రెండు మూడేళ్ల కిందటే వేసినవైతే, లేదా పంక్చర్ వేసేటప్పుడు బీడు ఊడదీసే పలక తగిలి సెన్సర్ పగిలితే. పగలకుండా ఉండాలంటే ఆ పలకను వాల్వుకు దూరంగా, ఎదురు వైపున పెట్టమని ముందే చెప్పాలి. రబ్బరు వాల్వు ఉన్న సెన్సర్లు కూడా ఉంటాయి కాబట్టి బయటి నుంచి చూసి లోపల సెన్సర్ లేదనుకోవడం సులువు.

ఎంత బ్యాటరీ మిగిలిందో ఊహించక్కర్లేదు. టైరు షాపుల్లో ఉండే చేతి స్కానర్‌ను టైరు గోడకు, వాల్వు పక్కన ఆనించి బటన్ నొక్కితే అది 125 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌తో సెన్సర్‌ను నిద్రలేపుతుంది. తెర మీద ఐడీ నంబరు, పీడనం, ఉష్ణోగ్రత, కొన్ని సెన్సర్లకు బ్యాటరీ స్థితి కూడా కనిపిస్తాయి. మూడు నాలుగుసార్లు నొక్కితే గానీ పలకని సెన్సర్‌ను పోయిన వాటి ఖాతాలోనే వేసుకోండి. ఏ చక్రం కూడా విప్పకముందే ఈ నాలుగు ఐడీలనూ ఏది ఏ మూలదో రాసి పెట్టుకోవడం చాలా ముఖ్యం. ఎందుకో కింద తెలుస్తుంది.

పాత సెన్సర్లు ఉంచేసి సర్వీస్ కిట్ ఒక్కటే వేస్తామంటారు కొన్నిచోట్ల. రబ్బరు సీలు, వాషరు, నట్టు, వాల్వు పిన్ను, మూత కలిసిన కిట్ అది. నాలుగైదేళ్ల సెన్సర్‌కు అది సరైన పనే. పదేళ్లదానికి చేస్తే ఏమవుతుందో వాల్వు మూత తీసి చూస్తేనే తెలుస్తుంది. అల్యూమినియం వాల్వు మర చుట్టూ తెల్లటి పొడి పేరుకుని, నట్టు అంచులు గుల్లబారి ఉంటాయి. ఇత్తడి పిన్నో ఇత్తడి మూతో వేసి ఉంటే రెండు లోహాలు తడిలో తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పానా పెట్టి తిప్పితే నట్టు రాదు, వాల్వే మొదట్లో పుటుక్కున విరుగుతుంది. అల్యూమినియం వాల్వులో నికెల్ పూత పిన్నే వేయాలి, మూత ప్లాస్టిక్‌ది మేలు. నట్టు బిగింపు తయారీదారు చెప్పినంతే ఉండాలి. చాలావాటికి అది 4 నుంచి 8 న్యూటన్‌మీటర్ల మధ్య ఉంటుంది. చేతి బలంతో బిగిస్తే సీలు నలిగి గాలి మెల్లగా దిగుతుంది.

నాలుగూ మార్చాలనుకున్నాక ఏ రకం కొనాలన్నది తర్వాతి ప్రశ్న. కంపెనీ సెన్సర్లు పార్టు నంబరు చూసి కొంటే నిక్కచ్చిగా సరిపోతాయి. కానీ వాటికి కొత్త ఐడీలుంటాయి, వాటిని బండికి నేర్పాలి. కొన్ని బండ్లు కాసేపు నడిపితే తామే నేర్చుకుంటాయి. కొన్నిటికి ఓబీడీ పోర్టు (డ్యాష్‌బోర్డు కింద స్కానర్ తగిలించే సాకెట్) ద్వారా ఐడీలు ఎక్కించాలి, పాత టయోటాల్లో ఎక్కువగా ఇదే దారి. చాలా జనరల్ మోటార్స్ (జీఎం) ఎస్‌యూవీల్లో కొత్త ఐడీలు నేర్చుకునే లెర్న్ మోడ్‌లోకి వెళ్తే హారన్ రెండుసార్లు కూస్తుంది. అక్కడి నుంచి ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ, ఇదే వరసలో సెన్సర్లను నిద్రలేపాలి. ఒక్కోటి పలికినప్పుడు హారన్ ఒకసారి కూస్తుంది. మొదటి చక్రం రెండు నిమిషాల్లో, మొత్తం అయిదు నిమిషాల్లో పూర్తి కాకపోతే మళ్లీ మొదటికే. ఆ సమయంలో పక్కనే ఇంకో బండి సెన్సర్ పలికితే దాని ఐడీ ఎక్కిపోయే ప్రమాదమూ ఉంది.

ఖాళీగా వచ్చి స్కానర్‌తో రాయించుకునే సెన్సర్లలో క్లోన్ చేసే వీలుంది. పాత సెన్సర్ ఐడీనే కొత్తదాంట్లో రాసేస్తారు. బండికి ఏదీ మారినట్టే తెలియదు, ఓబీడీ పని లేదు, హారన్ తంతు లేదు. పాత బండికి నేను మొగ్గేది దీనివైపే. ఇందుకే ఐడీలు ముందే రాసుకోమన్నది. అప్పటికే చచ్చిన సెన్సర్ ఐడీ బండి మెమొరీలోంచి ఓబీడీ ద్వారా చదవొచ్చు, లేదా టైరు విప్పాక సెన్సర్ పెట్టె మీద ముద్రించి ఉంటుంది. తీసిన పాతవాటిలో ప్రాణమున్నవి బండిలో పడేయొద్దు, ఒకే ఐడీతో ఇద్దరు మాట్లాడితే రిసీవర్ తికమకపడుతుంది. ఏ రకమైనా ఫ్రీక్వెన్సీ మాత్రం సరిచూసుకోవాలి. ఉత్తర అమెరికాకు చేసిన బండ్లలో చాలావాటికి 315 మెగాహెర్ట్జ్, యూరప్ బండ్లకు 433. ఒకే మోడల్ రెండింట్లోనూ వచ్చి ఉండొచ్చు. తప్పుది వేస్తే సెన్సర్ ఎంత బాగున్నా బండికి వినపడదు.

వాల్వు మూత స్థానంలో బిగించే బయటి సెన్సర్లు విడి తెరతో వస్తాయి, సెల్ మార్చుకోవచ్చు, టైరు విప్పక్కర్లేదు. కంపెనీ లైటును మాత్రం అవి ఆర్పవు. బిగించినంతసేపూ వాల్వు పిన్నును నొక్కే ఉంచుతాయి కాబట్టి లోపలి వాషరు పాడైతే గాలి పోయేది వాటి గుండానే. వేశాక సబ్బునీళ్లు పూసి చూడాలి. సెన్సర్ల వ్యవస్థే లేని బండికి మంచివి.

ఇక లైటును మాయం చేయడం. టేపు అంటించినా, బల్బు తీసినా పంక్చర్ హెచ్చరిక కూడా పోతుంది. ఎస్‌యూవీ ఎత్తైన బండి, బరువైన బండి. గాలి తగ్గిన టైరు హైవే వేగంలో వేడెక్కి విడిపోతే అదుపు తప్పడం తేలిక. అమెరికాలో ఈ చట్టం రావడానికి ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ల మీద ఫైర్‌స్టోన్ టైర్ల పై పొర ఊడి జరిగిన ప్రమాదాలే కారణం. ఫ్యూజు పీకితే అదనపు చిక్కు: కొన్ని బండ్లలో రిమోట్ తాళానికీ ఈ సెన్సర్లకూ రిసీవర్ ఒకటే. నాలుగు సెన్సర్లనూ పీవీసీ పైపులో పెట్టి గాలి నింపి డిక్కీలో పడేసే ఉపాయం లైటును నిజంగానే ఆర్పుతుంది, ఏ టైరులో గాలి పోయినా ఆర్పే ఉంచుతుంది. దయచేసి దాని జోలికి వెళ్లొద్దు.

కొత్తవి వేశాక గంటకు 40 కిలోమీటర్లు దాటిన వేగంతో ఒక ఇరవై నిమిషాలు నడపండి. చాలా సెన్సర్లు చక్రం తిరిగితేనే తరచుగా సిగ్నల్ పంపుతాయి, షాపు ముందు ఆగి చూస్తే లైటు ఆరకపోవచ్చు. అప్పటికీ మిణుకుమంటుంటే ముందు స్టెప్నీ సెన్సర్ మారిందో లేదో చూడండి. తర్వాత రాసుకున్న ఐడీల్లో అంకె తారుమారైందేమో సరిచూడండి. అదీ సరిగ్గా ఉంటే సిగరెట్ లైటర్ సాకెట్‌లోని చార్జర్, డ్యాష్‌క్యామ్ పీకేసి ఇంకోసారి నడపండి. చవక చార్జర్లు చేసే రేడియో రొదలో సెన్సర్ మాట మునిగిపోతుంటుంది.