ఆన్‌లైన్ కౌన్సెలింగ్: ఆరు సెషన్ల తర్వాత

మనసు బలహీనంగా ఉన్నవాళ్లకే డిప్రెషన్ వస్తుందని గట్టిగా నమ్మేదాన్ని. అందుకే మొదటి సెషన్‌లో సగం సేపు నన్ను నేనే తిట్టుకున్నాను. కౌన్సెలర్ అడ్డు చెప్పకుండా అంతా విన్నారు. తర్వాత నిద్ర, వాడుతున్న మందులు, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అన్నీ అడిగారు. థైరాయిడ్ తగ్గినా ఇలాంటి దిగులు ఉండొచ్చని, ముందు డాక్టర్‌తో రక్తపరీక్ష చేయించుకోమన్నారు. పరీక్షలో నా థైరాయిడ్ మామూలుగానే ఉంది. మెదడులో సెరటోనిన్ అనే రసాయనం తగ్గడమే డిప్రెషన్‌కి కారణం కదా అంటే, 2022లో పాత పరిశోధనలను సమీక్షించినా దానికి నిలకడైన ఆధారం దొరకలేదన్నారు. అలాగని మందులు సొంతంగా ఆపొద్దనీ గట్టిగా చెప్పారు. అది నాకు బాగా నచ్చింది.

ఏడుస్తున్నప్పుడు వీడియో రెండుసార్లు తెగింది. అది చాలా బాధపెట్టింది. అయినా ఏడో సెషన్ బుక్ చేసుకున్నాను.